ఉబ్బసము - ఇసినోఫిల్ కణములు: ఒక విమర్శ

తెలుగు దేశమున "ఇస్నోఫీలియా" అను మాట తెలియని ఇల్లు లేదనిన అతిశయోక్తి కాదు. ఉదయమున నాలుగు తుమ్ములు వచ్చినను, దుమ్ము తగిలి దగ్గు పుట్టినను, పిల్లవాడు రాత్రివేళ పిల్లికూతలతో ఊపిరి తీసినను, ఇరుగుపొరుగువారు వైద్యునికంటె ముందుగనే ఆ పేరు చెప్పివేయుదురు. రక్తపరీక్ష కాగితముపై ఒక అంకె కొంచెము పెరిగి కనిపించినచో ఇక ఆ పేరు స్థిరపడును. ఇంతగా ఇంటిమాటయైన ఆ కణమునకును ఉబ్బసమునకును గల సంబంధమేమి అను ప్రశ్నపై మాత్రము శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా తర్జనభర్జనలు పడిరి. 2000 సంవత్సరములో ఆ కణము నిర్దోషియని దాదాపు తీర్పు వెలువడినది. తొమ్మిదేండ్లకు ఆ తీర్పు తలక్రిందులైనది. ఈ నడుమ జరిగిన ప్రయోగములలో మోసము లేదు, అశ్రద్ధ లేదు. అన్నియు చక్కగా జరిగినవే. అయినను పొరపాటు ఎక్కడ దొరలినదో పరిశీలింపదగియున్నది.

ముందుగా కణము సంగతి. 1879లో జర్మనీ దేశమున, ఇంకను పాతికేండ్ల యువకుడుగానున్న పాల్ ఎర్లిఖ్, రక్తపు చుక్కను గాజుపలకపై పలుచగా పరచి, ఇయోసిన్ అను ఎఱ్ఱ రంగు వేసి చూచెను. తెల్ల రక్తకణములలో కొన్ని మాత్రము తమలోని పెద్ద పెద్ద రేణువులతో ఆ రంగును గాఢముగ పట్టుకొని మెరిసినవి. ఇయోసిన్ అను పేరు గ్రీకు భాషలో ఉషస్సునకు గల పేరునుండి వచ్చినది. కావున ఇసినోఫిల్‌ను "అరుణప్రియ కణము" అని తెనిగింపవచ్చును గాని, ఇంటింట వాడుకలోనున్న మాటను త్రోసివేసి క్రొత్త మాటను నిలుపబూనుట వలన లాభము లేదు. ఆరోగ్యవంతుని రక్తములో తెల్ల కణములు నూరింటిలో ఇవి 1 నుండి 6 వరకు ఉండును. ఎముకల మూలుగలో పుట్టి, రక్తములో కొన్ని గంటలు మాత్రమే తిరిగి, పిమ్మట కణజాలములలోనికి, ముఖ్యముగా ప్రేగుల గోడలలోనికి, వెడలిపోవును. రక్తపరీక్షలో లెక్కకు వచ్చునది దారిన పోవువారి సంఖ్యయే గాని ఊరిలో కాపురమున్నవారి సంఖ్య కాదు. ఈ చిన్న విషయమును మరచినందుననే తరువాతి చిక్కులలో కొన్ని పుట్టినవి.

ఉబ్బసముతో దీనికి పొత్తు కలదని మొదట సూచించినది కఫము. 1872లో ఎర్న్‌స్ట్ ఫాన్ లైడెన్ ఉబ్బసపు రోగుల కఫములో రెండు చివరలు సూదిమొనలవలె నున్న స్ఫటికములను వర్ణించెను. 1853లోనే ఫ్రెంచి వైద్యుడు షార్కో అట్టివానిని చూచియుండుటచే వానికి ఇద్దరి పేర్లును కలిపి పెట్టిరి. అవి ఇసినోఫిల్ కణములలోని ఒక ప్రోటీను పేరుకొని ఏర్పడినవని తరువాతి కాలమున తేలినది. కాని కఫములో కనిపించుట వేరు, రోగమునకు కారణమగుట వేరు. ఇల్లు తగులబడినచోట నీళ్ళ కుండలతో నిలిచియున్నవారందరు నిప్పు పెట్టినవారు కారు గదా! 1970 తరువాత కొన్నియేండ్లు ఈ కణమును కుండలు మోయువారి జాబితాలోనే చేర్చిరి. ఎలర్జీలో వెలువడు హిస్టమిన్ వంటి పదార్థములను విచ్ఛిన్నము చేయు ఎంజైములు దీనియందున్నవని, కావున ఇది మంటను ఆర్పుటకే వచ్చుచున్నదని ఆనాటి వాదము. అమెరికాలో మేయో క్లినిక్‌కు చెందిన జెరాల్డ్ గ్లైఖ్, ఆయన సహచరులు ఇసినోఫిల్ రేణువులలోని ముఖ్యమైన క్షార ప్రోటీనును వేరుచేసి, అది శ్వాసనాళికల లోపలి పొరను చీల్చివేయగలదని చూపిరి. 1982లో ఉబ్బసముతో మరణించినవారి ఊపిరితిత్తులలో, సరిగా ఆ పొర చెడినచోటులనే, ఆ ప్రోటీను కనబడినది. దానితో ఆ వాదము వెనుకబడినది.

ఈ కథలో మిక్కిలి విలువైన ఘట్టము మరియొకటి కలదు. దానిని పెక్కుమంది మరచిపోయిరి. 1956లో బ్రిటనులోని వైద్య పరిశోధన మండలి దీర్ఘకాలపు ఉబ్బసమునకు కార్టిసోను ఇచ్చి చూచిన పరీక్షఫలితములను ప్రకటించెను. లాభము స్వల్పము, అదియును నిలకడలేనిది అని తేలినది. రెండేండ్లకు, 1958లో, డార్బీ పట్టణపు వైద్యుడు హారీ మారో బ్రౌన్ ఒక సామాన్యమైన పని చేసెను. ప్రెడ్నిసొలోన్ ఇచ్చుటకు ముందు తన రోగుల కఫమును సూక్ష్మదర్శినిక్రింద పెట్టి చూచెను. కఫములో ఇసినోఫిల్ కణములున్న రోగులకు మందు చక్కగా పనిచేసినది, లేనివారికి పనిచేయలేదు. అనగా మొదటి పరీక్షలో మందు విఫలము కాలేదు. పనిచేయు రోగులను, పనిచేయని రోగులను ఒకే గంపలో వేసి సగటు తీయుటచే ఫలితము మాసిపోయినది. ఇద్దరిలో ఒకనికి చెప్పు సరిపోయి, రెండవవానికి కరచినచో, సగటున చెప్పు పనికిరానిదని తేల్చుట ఎట్టిదో ఇదియు అట్టిదే. బ్రౌన్ చేసిన పరీక్షకు కావలసినది ఒక గాజుపలక, కొంచెము రంగు, ఒక సూక్ష్మదర్శిని. అయినను ఆ పద్ధతి వైద్యశాలలలో వ్యాపింపలేదు. "ఉబ్బసము" అను ఒక్క పేరు అందరికిని సరిపోవుచుండగా, ఆ పేరు క్రింద రెండు మూడు రోగములు దాగియుండునేమో యని శంకించుటకు ఎవరికిని తీరిక లేకపోయినది.

తరువాతి అధ్యాయము 1986లో ఆరంభమయినది. ఇసినోఫిల్ కణములను మూలుగలో పుట్టించి, పెంచి, బ్రతికించు ఒక సంకేత ప్రోటీను యొక్క జన్యువు ఆ యేట చేతికి వచ్చినది. దానికి ఇంటర్‌ల్యూకిన్-5 అని పేరు. 1996లో ఆస్ట్రేలియాలో ఆ జన్యువు లేకుండ పెంచిన చుంచెలుకలకు ఎలర్జీ కలిగించి చూడగా, వాని ఊపిరితిత్తులలోనికి ఇసినోఫిల్ కణములు రాలేదు. శ్వాసనాళికల అతిస్పందనయు కలుగలేదు. మార్గము సుగమమైనట్లు తోచినది. ఇంటర్‌ల్యూకిన్-5ను పట్టి బంధించు ప్రతిరక్షకమును తయారుచేసి రోగికి సూదిమందుగా ఇచ్చినచో ఉబ్బసము తగ్గవలెను. ఆ ప్రతిరక్షకమునకు తరువాత మెపోలిజుమాబ్ అని పేరిడిరి.

2000 సంవత్సరములో "లాన్సెట్" పత్రికలో వెలువడిన పరీక్ష దీనిని గూర్చియే. 24 మంది స్వల్పమైన ఎలర్జీ ఉబ్బసము గలవారిని తీసికొని, కొందరికి మందు, కొందరికి మందులేని సూది ఒక్కమారు ఇచ్చిరి. పిమ్మట వారికి సరిపడని పదార్థమును పీల్పించి, కొన్ని గంటల తరువాత ఊపిరి ఎంత బిగియునో కొలిచిరి. మందు పుచ్చుకొన్నవారి రక్తములోను, కఫములోను ఇసినోఫిల్ కణములు బాగుగా పడిపోయినవి. కాని ఊపిరి బిగియుటలో మార్పు లేదు. హిస్టమిన్‌కు శ్వాసనాళికల అతిస్పందనయు తగ్గలేదు. కణము పోయినను రోగము పోలేదు గావున కణము కారణము కాదు అని అనేకులు నిర్ణయించిరి. తర్కము చూచుటకు ఎంతో ముచ్చటగా నున్నది. అంత ముచ్చటగా నుండుటయే దాని అపాయము.

ఆ పరీక్షను నిందించుటకు వీలులేదు. దాని నుండి లాగిన సిద్ధాంతమునే నిందింపవలెను. ప్రయోగశాలలో ఒక గడియ పీల్పించిన ధూళికి కలుగు బిగువు వేరు. అర్ధరాత్రి పూట రోగిని ఆసుపత్రికి మోసికొనిపోవలసివచ్చు దాడి వేరు. మొదటిదానిలో శ్వాసనాళికల చుట్టునున్న కండరము బిగియుట ప్రధానము. రెండవదానిలో నాళికల గోడ వాచుట, జిగట కఫము అడ్డుపడుట ప్రధానము. స్వల్ప రోగము గల 24 మందిలో మొదటిదానిని కొలిచి, తీవ్రరోగము గల వేలమందిలో రెండవదానిని గూర్చి తీర్పు చెప్పిరి. అంతేకాదు. కణము "పోయినది" అనుటయు సగము నిజమే. 2003లో మరి 24 మందికి ఇదే మందు మూడు మారులిచ్చి, శ్వాసనాళిక గోడనుండి చిన్న తునకలు తీసి చూచిరి. రక్తములో కణములు దాదాపు శూన్యమైనను, గోడలో తగ్గినది నూటికి 55 వంతులు మాత్రమే. దారి నిర్మానుష్యమైనది గాని ఊరిలో సగముమంది మిగిలియే యున్నారు!

2007లో 362 మందితో జరిగిన పెద్ద పరీక్ష ఈ లోపములను సవరింపవలసినది. సవరింపలేదు. రోగులను ఇసినోఫిల్ సంఖ్యను బట్టి ఎన్నుకొనక, పీల్చు మందులు వాడుచున్నను బాధ తగ్గనివారిని చేర్చుకొనిరి. ప్రధానముగా కొలిచినది ఉదయమున ఊదగల గాలి వేగము. అందులో లాభము కనబడలేదు. ఎక్కువ మోతాదు పుచ్చుకొన్నవారిలో దాడుల సంఖ్య తగ్గుచున్న ఛాయ ఒకటి కనిపించినది గాని, గణితము దానిని నిశ్చయముగా అంగీకరింపలేదు. 1956 నాటి గంపయే మరల నిండినది. మారో బ్రౌన్ వ్యాసము అచ్చయి అప్పటికి 49 ఏండ్లు!

ఈ లోపల ఇంగ్లండులోని లెస్టరు నగరమున వేరొక దృష్టితో పని జరుగుచుండెను. 2002లో అక్కడివారు 74 మంది రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమువారికి మామూలు పద్ధతిలో మందులిచ్చిరి. రెండవ భాగమువారికి కఫములోని ఇసినోఫిల్ కణముల లెక్కను చూచి మందుల మోతాదు నిర్ణయించిరి. ఒక సంవత్సరములో మొదటి భాగమువారికి 109 తీవ్రమైన దాడులు వచ్చినవి, రెండవ భాగమువారికి 35. మొత్తముమీద వాడిన కార్టిసోను జాతి మందుల పరిమాణము రెండు భాగములలోను ఇంచుమించు సమానమే. కావున తేడా మందు ఎంత అనుదానిలో లేదు, ఎవరికి ఎప్పుడు అనుదానిలో నున్నది. ఇసినోఫిల్ కణమునకును దినదినము తోచు ఆయాసమునకును సంబంధము సడలినదిగా నుండవచ్చును. దానికిని దాడికిని సంబంధము బిగువైనదని ఈ పరీక్ష చెప్పినది.

కొలబద్దను మార్చుటతో కథ మారినది. 2009లో ఒకే పత్రికా సంచికలో రెండు పరీక్షలు వెలువడినవి. లెస్టరులో 61 మంది, కెనడాలోని హామిల్టనులో 20 మంది. అందరును తీవ్రమైన ఉబ్బసము గలవారు. అందరిలోను ఇసినోఫిల్ కణములు అధికము. లెస్టరులో మెపోలిజుమాబ్ పుచ్చుకొన్నవారికి ఏడాదిలో సగటున 2.0 తీవ్రమైన దాడులు, పుచ్చుకొననివారికి 3.4. హామిల్టను రోగులు ప్రతిదినము ప్రెడ్నిసొలోన్ జాతి మాత్ర మ్రింగినగాని నిలువలేనివారు. మందు పుచ్చుకొన్నవారు, తగ్గింప వీలైనంతలో సగటున నూటికి 84 వంతుల మాత్రను తగ్గించుకొనగలిగిరి. పుచ్చుకొననివారు 48 వంతులు మాత్రమే. ఆ మాత్రను ఏండ్ల తరబడి మ్రింగినవారి ఎముకలు గుల్లబారును, మధుమేహము వచ్చును, కండ్లకు పొరలు కమ్మును. కావున ఈ అంకెలు ఆ రోగులకు ఎంతటి మేలో ఊహింపవచ్చును. 2012లో 621 మందితోను, 2014లో 576 మందితోను జరిగిన పరీక్షలు దాడులు దాదాపు సగమునకు తగ్గునని నిలకడగా చూపిన పిమ్మట, 2015 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందునకు అనుమతి నిచ్చినది.

విజయము పొందినవారి వాదమును సయితము విమర్శింపకుండుట ధర్మము కాదు. హామిల్టను పరీక్షలో మందులేని సూది పుచ్చుకొన్నవారును తమ మాత్రలో సగమునకు దగ్గరగా తగ్గించుకొనగలిగిరనిన, వారిలో కొందరు అవసరమునకు మించి మ్రింగుచుండిరని అర్థము కాదా? ఇక లెస్టరు పరీక్షలో దాడులు తగ్గినను, ఊపిరి ఊదు శక్తియు, దినదినపు బాధయు చెప్పుకొనదగినంతగా మారలేదు. 2000 నాటి వారు కొలిచినది తప్పు కాదని దీనివలననే తెలియుచున్నది! కండరపు బిగువు ఇసినోఫిల్ చేతిలో లేదు. ఈ కణము ఉబ్బసమునంతను ఏలు రాజు కాదు; దాడి అను ఒక్క శాఖకు అధికారి.

చుంచెలుకల సాక్ష్యమును గూర్చి ఒక మాట. 2004 సెప్టెంబరులో "సైన్స్" పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసములు ప్రకటించెను. రెండింటిలోను ఇసినోఫిల్ కణములే లేకుండ పుట్టించిన చుంచెలుకలు. ఒక జాతిలో శ్వాసనాళికల అతిస్పందన పోయినది. రెండవ జాతిలో పోలేదు, కాని నాళికల గోడ మందమగుట మాత్రము తగ్గినది. ప్రశ్న యొకటే, జవాబులు రెండు. చుంచెలుకకు సహజముగా ఉబ్బసము రాదు. మానవుడు దానికి ఆ రోగమును నేర్పవలెను. ఏ బడిలో నేర్చిన పాఠము ఆ బడిదే యగుట వింత కాదు.

తీవ్రమైన ఉబ్బసము గలవారందరిలోను ఇసినోఫిల్ కణములు అధికముగా నుండవు. కొందరి కఫములో న్యూట్రోఫిల్ అను వేరొక తెల్ల కణము నిండియుండును. అట్టివారిలో న్యూట్రోఫిల్‌యే దోషియని వెంటనే అనుకొనుట సులభము. ఇక్కడ ఒక ఉచ్చు కలదు. తీవ్రరోగులు ఎక్కువ కార్టిసోను జాతి మందులు వాడుదురు. ఆ మందులు ఇసినోఫిల్ కణములను చంపును, న్యూట్రోఫిల్ కణముల ఆయువును పొడిగించును. కనుక కనబడుచున్న న్యూట్రోఫిల్‌లు రోగమునకు సాక్ష్యమో, చికిత్సకు సాక్ష్యమో చెప్పుట కష్టము. న్యూట్రోఫిల్‌లు ఊపిరితిత్తులలోనికి చేరు దారిని మూయు ఒక మందును 640 మంది తీవ్రరోగులపై పరీక్షించి 2016లో ఫలితము ప్రకటించిరి. దాడులు తగ్గలేదు. అయితే ఆ కణము నిర్దోషియనవలెనా? 2000 నాటి తీర్పు సంగతి ఎరిగినవారు ఈ మారు తొందరపడరాదు. ఆ 640 మందిని కఫములోని న్యూట్రోఫిల్ సంఖ్యను బట్టి ఎన్నుకొనలేదు.

ఇక ఇంటిమాటయైన "ఇస్నోఫీలియా" యొద్దకు వత్తము. ఆంధ్ర దేశమునకు ఈ చరిత్రలో ఒక నిజమైన స్థానము కలదు. 1940లో మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము నుండి ఫ్రిమాట్-మోలర్, బార్టన్ అను వైద్యులు ఒక వింత రోగమును వర్ణించిరి. క్షయను పోలిన ఛాయలు ఎక్సురేలో కనబడును, క్షయ కాదు, రక్తములో ఇసినోఫిల్‌లు విపరీతము. 1943లో వైన్‌గార్టెన్ ఇట్టిదానికే "ట్రాపికల్ ఇసినోఫీలియా" అని పేరు పెట్టెను. రాత్రివేళ దగ్గు, పిల్లికూతలు, ఆయాసము: చూచుటకు అచ్చముగా ఉబ్బసమే. కాని దాని మూలము బోదకాలు కలిగించు ఫైలేరియా పురుగు పిల్లలపట్ల దేహము చూపు అతిస్పందన యని తరువాత తేలినది. ఆ పురుగులను చంపు డైఇథైల్ కార్బమజైన్‌తో అది కుదురును. అందులో రక్తపు లెక్క ఘనమిల్లీమీటరునకు 3000 దాటియుండును. మెపోలిజుమాబ్ పరీక్షలలో తీవ్రమైన ఉబ్బసపు రోగులను చేర్చుకొనుటకు 150 గాని 300 గాని చాలినది. అంకె ఒకే కాగితముపై ఒకే గడిలో నుండును. రోగములు మాత్రము వేరు.

కడుపులోని నులిపురుగులును ఈ అంకెను పెంచును. స్ట్రాంగిలాయిడిస్ అను పురుగు సంగతి మిక్కిలి భయంకరము. దాని వలన పెరిగిన ఇసినోఫిల్‌లను చూచి ఉబ్బసమని భ్రమించి ప్రెడ్నిసొలోన్ ఇచ్చినచో, పురుగులు అదుపు తప్పి దేహమంతటను ప్రాకి ప్రాణము తీయవచ్చును. వేరొక చిక్కును కలదు. ప్రెడ్నిసొలోన్ మ్రింగిన కొన్ని గంటలకే రక్తములో ఇసినోఫిల్ లెక్క పడిపోవును. మాత్రలు మొదలుపెట్టిన పిమ్మట తీసిన పరీక్షలో అంకె తక్కువగా నున్నదని, ఈ రోగిది ఇసినోఫిల్ ఉబ్బసము కాదని త్రోసివేయుట వట్టి పొరపాటు.

2024లో వెలువడిన ఒక పరీక్ష ఈ లెక్కను దాడి సమయముననే వినియోగించినది. ఉబ్బసముగాని, పొగత్రాగుట మున్నగువానిచే కలుగు దీర్ఘకాలపు ఊపిరితిత్తుల రోగముగాని గల 158 మందికి, దాడి వచ్చి రక్తములో ఇసినోఫిల్‌లు అధికముగా నున్నపుడు చికిత్స చేసిరి. కొందరికి మామూలుగా ప్రెడ్నిసొలోన్ ఇచ్చిరి. తక్కినవారికి బెన్రలిజుమాబ్ అను సూదిమందు ఒక్కమారు, మాత్రలతోగాని మాత్రలు లేకుండగాని, ఇచ్చిరి. ఈ మందు ఇంటర్‌ల్యూకిన్-5ను బంధింపక, ఇసినోఫిల్ కణమునే పట్టి చంపించును. 90 దినములలో చికిత్స విఫలమైనవారు ప్రెడ్నిసొలోన్ మాత్రమే పుచ్చుకొన్న భాగములో నూటికి 74 మంది, సూదిమందు పుచ్చుకొన్న భాగములలో 45 మంది. డెబ్బది యేండ్లుగా దాడికి చికిత్సయని ఇచ్చుచున్న మాత్ర నలుగురిలో ముగ్గురికి మూడు నెలలైనను నిలువలేదన్న సంగతి, సూదిమందు గెలుపుకంటె తక్కువ గమనింపదగినది కాదు. కణములు దాదాపు పూర్తిగా నశించిన పిమ్మటను నూటికి 45 మందికి మరల చికిత్స ఎందుకు కావలసివచ్చినదో ఆ పరీక్ష చెప్పలేదు. వారి కఫములో ఆ దినములలో ఏ కణములుండెనో చూచినవారికే అది తెలియవలెను.